గువ్వలచెరువు ఘాటుకు కువైట్ బ్రేకులు

అక్టోబరు రెండో వారంలో మహిమ ఇంటికి కువైట్ నుంచి పెట్టె వచ్చింది. ఇద్దరు పట్టి మోస్తే గానీ గడప దాటలేదు. కడపలో ఆ వీధిలో సగం ఇళ్లకు కువైట్ పెట్టెలు వస్తుంటాయి కాబట్టి, బరువు చూసి జాతకం చెప్పే ఆడవాళ్లకు అక్కడ కొదవ లేదు. తేలిక పెట్టె వచ్చిందంటే సబ్బులు, సెంట్లు, పాలపొడి డబ్బాలు. మనిషి అక్కడే ఉంటాడు. మోయలేని పెట్టె వచ్చిందంటే మాత్రం మనిషి వస్తున్నట్టే. విమానంలో బరువు మోయనివ్వరు కనక, ఊరికి రాబోయేవాడు సామానంతా ముందే కార్గోలో ఓడకెక్కించి, తాను చేతులూపుకుంటూ దిగుతాడు.

"మీవాడు క్రిస్మస్‌కు దిగుతాండాడు, రాసి పెట్టుకో" అని ఎదురింటి వెంకటలక్ష్మమ్మ గుమ్మంలోంచే తీర్పు చెప్పేసింది.

మహిమ అత్త విశ్వాసమ్మ అక్కడికక్కడే కొంగు కప్పుకుని ప్రార్థన చేసింది. మహిమ పెట్టె తాళ్లు కోయడానికి కత్తిపీట కోసం వంటింట్లోకి పోయి, ఎందుకొచ్చిందో మరిచిపోయి కాసేపు నిలబడిపోయింది. మొగుడు శామ్‌ను చూసి రెండేళ్ల నాలుగు నెలలయింది. పెళ్లయి ఏడేళ్లు. అందులో ఇద్దరూ ఒక కప్పు కింద ఉన్నది, అన్ని సెలవులూ కలిపినా ఏడాది దాటదు.

పెట్టె విప్పితే దుప్పట్లు లేవు, సెంట్లు లేవు. శామ్ పాత చొక్కాల్లో చుట్టిన రెండు పెద్ద ఇనుప చక్రాలు, ఎర్ర రంగు వేసిన రెండు బరువైన దిమ్మలు, గొట్టాలు, ప్యాడ్లు.

"ఏమ్మే ఇవి? తినేటివా, కట్టేటివా?" అంది విశ్వాసమ్మ.

"బ్రేకులత్తా. కారుకు."

ఆ కారు సంగతి చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందటి ఆక్టేవియా ఆర్ఎస్, నల్లది, టర్బో ఇంజను. శామ్ కడపలో ట్రావెల్స్ బండ్లు తోలే రోజుల్లో ఒక డాక్టరు దగ్గర ఆ కారును చూసి మనసు పారేసుకున్నాడు. కువైట్‌లో ఒకరింట్లో డ్రైవరుగా చేరిన నాలుగో ఏడు సెలవుకు వచ్చి, ముగ్గురి చేతులు మారిన అలాంటి కారునే వెతికి కొన్నాడు. కొన్నవాడు తోలుకున్నాడా అంటే అదీ లేదు. నలభై రోజుల సెలవులో ముప్పై రోజులు మహిమకు నేర్పడానికే సరిపోయింది. ఆమె రాయచోటి ఆసుపత్రిలో నర్సు. రోజూ గువ్వలచెరువు ఘాటు ఎక్కి పోవాలి, దిగి రావాలి. "దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టుకోని కూర్చోగాకు. గేరు తగ్గించు, మలుపుకు ముందర గట్టిగా ఒక్కసారి నొక్కు, ఇడిసిపెట్టు" అని పక్కన కూర్చుని ఎన్నిసార్లు చెప్పాడో. కొత్తగా పెళ్లయినవాళ్లు సినిమాలకూ పార్కులకూ పోతారు. వీళ్ల సరసమంతా ఆ ఘాటు మలుపుల్లోనే నడిచింది. మహిమకు అది చాలు. అది మళ్లీ కావాలి, అంతే.

అయితే కారు పాతదయింది. పరుగుకు లోటు లేదు. ఘాటు సగం దిగేసరికి మాత్రం బ్రేకులు వేడెక్కి పెడల్ మెత్తబడుతోంది. ఆ మాట ఆమె వేసవిలో ఫోన్లో యథాలాపంగా అంది. దానికి జవాబే ఈ పెట్టె. కువైట్‌లో పాత సామాన్ల అంగళ్లన్నీ తిరిగి, ఇంకా పెద్ద కారు నుంచి ఊడదీసిన బ్రేకులు కొని, వాటికి సరిపోయే కొత్త డిస్కులూ ప్యాడ్లూ జోడించి పంపాడు శామ్.

రాయచోటి రోడ్డులో దాసన్న షెడ్డు. శామ్‌కు స్టీరింగు పట్టడం నేర్పింది దాసన్నే. అతను కారును పైకెత్తకుండా ముందుగా ఒక అట్టముక్క అడిగాడు. కొత్త దిమ్మ ఆకారానికి అట్టను కత్తిరించి, స్టెప్నీ చక్రం రింగు లోపల పెట్టి తిప్పి చూశాడు.

"ఏం చేస్తాండావు దాసన్నా?" అంది మహిమ.

"బ్రేకు పెద్దదైతే చక్రం లోపల పట్టాల గదా సిస్టరమ్మా. బిగించినాక తగిలితే అందరం తలకాయ పట్టుకోని కూర్చోవాల." అట్ట ఎక్కడా తగలకుండా తిరిగింది. వేలెడు సందు మిగిలింది. "మీ ఆయప్ప ఆడ్నుంచే కొలిచినాడు సూడు. ఏం చూపప్పా అది!"

శామ్ వీడియో కాల్లోకి వచ్చాడు. దాసన్న ఫోనును టూల్స్ పెట్టెకు ఆనించాడు. గంటసేపు శామ్ ఆ బోల్టు ఇంత బిగించు, ఈ గొట్టం మెలిపడనీయకు అంటూనే ఉన్నాడు. కళ్లన్నీ ఆ ఎర్ర దిమ్మల మీదే. మహిమకు ఇనుము మీద ఈర్ష్య కలిగింది. రానీ, క్రిస్మస్‌కు బెంగుళూరు విమానాశ్రయానికి ఈ కారులోనే పోయి, పక్క సీట్లో కూర్చోబెట్టి, నోరెత్తనీయకుండా తీసుకొస్తాను అనుకుంది. ఎప్పుడొస్తున్నావని అడగలేదు. పెట్టె బరువే చెప్పింది కదా, నోటితో అడిగి దిష్టి పెట్టడం దేనికి?

శనివారం సాయంత్రానికి పని అయిపోయింది. "డిస్కును పట్టి ఆపేటి కొత్త ప్యాడ్లు దానికి అలవాటు పడాల. సోమవారం నేనే తోలి సాన పట్టిస్తా, అంతవరకు ముట్టుకోగాకండి" అని దాసన్న కారు ఇంటి ముందు పెట్టి పోయాడు.

మహిమ ముట్టుకోలేదు. విశ్వాసమ్మ ముట్టుకుంది. కొత్త వస్తువేదైనా వాళ్లింట్లో ప్రార్థన నూనె అంటకుండా వాడకంలోకి రాదు. కుట్టుమిషనుకూ ఫ్రిజ్‌కూ తప్పలేదు. కొడుకును తీసుకొచ్చే బండికి తప్పుతుందా? ఆదివారం ఆరాధన నుంచి వస్తూనే, చక్రం ఊచల సందుల్లోంచి తళతళా మెరుస్తున్న డిస్కుల మీద సీసాలో ఉన్న నూనెంతా వంచేసింది. చుక్క వేస్తే చాలేది. కానీ కొడుకు మీద ప్రేమ చుక్కల్లో ఉండదు కదా.

సోమవారం దాసన్న మహిమను పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డెక్కాడు. మొదటిసారి బ్రేకు నొక్కాడు. కారు ఆగుదామా వద్దా అన్నట్టు జారుతూ పోయింది. రెండోసారి నొక్కితే పొగ, మాడిన వాసన. మెల్లగా షెడ్డుకు చేర్చి చక్రం విప్పి, డిస్కు మీద వేలు రాసి వాసన చూశాడు.

"ఇదేంది సిస్టరమ్మా, తాలింపు ఏసినారా?"

మహిమ ఇంటికి ఫోన్ చేసింది. విశ్వాసమ్మ గర్వంగా ఒప్పుకుంది. దాసన్న నవ్వాపుకోలేక బయటికి పోయి, నవ్వి వచ్చి, చేతులెత్తేశాడు. "డిస్కులు కడిగితే పోతాది. ప్యాడ్లు నూనె తాగినాయి. రుద్ది ఏయొచ్చు గానీ, ఘాటు దిగే మనిషికి నేనైతే ఏయను. ఈ కొలత ఈడ దొరికేది గాదు. శామ్‌నే చూడమను."

మధ్యాహ్నం మూడు కావస్తోంది. అక్కడ పన్నెండున్నర. యజమాని పిల్లల కోసం శామ్ బడి ముందు కారు ఆపుకుని ఉండే వేళ. వెంటనే ఎత్తాడు.

"ప్యాడ్లు పోయినాయప్పా. మీ అమ్మ నూనె పోసింది."

శామ్ పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. మహిమకూ నవ్వొచ్చింది. ఆ ఊపులోనే అనేసింది. "తొందరేం లేదులే. నువ్వొచ్చేటప్పుడు బ్యాగులో ఏసుకోని రా. రెండు నెల్లే గదా."

అవతల నవ్వు ఆగిపోయింది.

"కార్గోలో ఏస్తాలే మహీ" అన్నాడు.

వచ్చేవాడెవడైనా అరచేతిలో పట్టే ప్యాడ్లను ఓడలో పంపుతాడా?

"మల్ల ఎన్నాళ్లు పని చేస్తానని రాసిచ్చినావు?"

"రెండేండ్లు."

"ఎప్పుడు?"

"పెట్టె పంపక ముందరే. చెప్దామనే అనుకుంటి. నోరు రాలే."

"మల్ల ఈ బ్రేకులెందుకు పంపినావు? నిన్ను రమ్మంటే ఇనుము పంపుతావా?"

"రాలేననే పంపినా. నువ్వు ఘాటు దిగే టయానికి నేనీడ బడి ముందర ఉంటా. ఈ దేశంలో గుట్టలే లేవు మహీ, అంతా బల్లపరుపు. బండి ఆపే ఉంటాది. అయినా నా కాలు బ్రేకు మీదికి పోతాది. రోజూ. ఇంగా రెండేండ్లు నువ్వొక్కదానివే దిగాల గదా. మంచి బ్రేకులన్నా ఉండనీ అనుకుంటి."

మహిమ దాసన్నకు వీపు తిప్పి నిలబడి ఏడ్చింది. కోపం, ప్రేమ, ఏది ఎంతో ఆమెకే తెలియలేదు. కళ్లు తుడుచుకుని అంది. "ప్యాడ్లు పెట్టెలో ఏసినావంటే ఆ పెట్టె ఇప్పేది లే. నీ చేత్తో తేవాల. అంతవరకు కారు ఈడ్నే ఉంటాది."

పాత బ్రేకులు ఒక పూటలో బిగిస్తానన్నాడు దాసన్న. వద్దంది. షెడ్డు మూల కారు చెక్క దిమ్మల మీద నిలబడింది, ముందు చక్రాలు లేకుండా.

తన నూనె వల్లే కొడుకు రాకుండా పోయాడని విశ్వాసమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. "నీ నూనె వల్లే నిజం బయటపడినాదత్తా, లేకుంటే నేను క్రిస్మస్ దాకా ఇల్లు కడుగుతానే ఉందును" అని మహిమ దగ్గర కూర్చుని తినిపించింది. క్రిస్మస్ వచ్చింది, పోయింది. వెంకటలక్ష్మమ్మ వేరే ఇళ్ల పెట్టెల మీదికి దృష్టి మళ్లించింది. మహిమ బస్సుకు అలవాటు పడింది.

జనవరి ఆఖర్లో ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చే బస్సు ఘాటు పైన గువ్వలచెరువు కోవా అంగళ్ల ముందు ఆగినప్పుడు ఫోనుకు శామ్ వాయిస్ మెసేజ్ వచ్చింది. చెవి దగ్గర పెట్టుకుని వింది.

"ప్యాడ్లు కొన్నా మహీ. కార్గోలో ఏయలే. మంచం కింద బ్యాగులో పెట్టినా. ఆ బ్యాగులో ఇంగేమీ లేవు, అవి రెండు జతలే. రోజూ తెరిచి చూస్తాండా."

బస్సు కదిలి ఘాటులోకి దిగింది. మొదటి మలుపు వచ్చేసరికి మహిమ కుడికాలు దానంతటదే ముందుకు పోయి బస్సు నేలను నొక్కింది. చేతి గడియారం చూసుకుంది. మూడు కావస్తోంది. అక్కడ శామ్ బడి ముందు బండి ఆపుకుని ఉండే వేళ. మలుపు దాటినా ఆమె కాలు తీయలేదు. కిందికి దిగేదాకా అలాగే నొక్కి పట్టుకుని కూర్చుంది.