స్టెల్లా మేడమ్ చెప్పిన ఏథెన్స్

మొన్న పాపకు స్నానానికి ముందు ఒంటికి రాద్దామని ఆలివ్ నూనె సీసా మూత తీశాను. ఆ పచ్చి వాసన తగలగానే స్టెల్లా మేడమ్ గుర్తొచ్చారు. బెంగళూరు యూనివర్సిటీలో ప్రాచీన చరిత్ర ఎం.ఏ.లో చేరిన కొత్తలో గ్రీకులు, రోమన్లు అంటే నాకు బట్టీపట్టే పేర్లు మాత్రమే. మాకు పాఠం చెప్పే ఆమె ఒకరోజు క్లాసులో, మందుల షాపులో కొన్న ఆలివ్ నూనె చిన్న డబ్బా తెరిచి మా అరచేతుల్లో ఒక్కో చుక్క వేశారు. "వాసన చూడండి. వాళ్ళ దీపంలో ఇదే, కూట్లో ఇదే, ఒంటికి పూసుకునేదీ ఇదే. ఇంగ చెప్పండి, వాళ్ళు మనకు అంత దూరమోళ్ళా?" అన్నారు.

ఆమెదీ మాదీ ఒకే ఊరు, బంగారు గనుల ఊరిగాం. చర్చి పక్కన పాత గని కంపెనీ ఇంట్లో ఒంటరిగా ఉండేవారు. పొద్దున్నే ఒకే రైల్లో బెంగళూరు పోయేవాళ్ళం. గనిలో పనిచేసిన మా నాయన కూడా, గనులు మూతపడ్డాక బెంగళూరులో వాచ్‌మన్ పనిలో చేరి, అదే రైలెక్కేవాడు. మా జిల్లాలోనే ఉన్న నరసాపురంలో స్కూటర్ల ఫ్యాక్టరీకి ఆడపిల్లలను తీసుకుంటున్నారని విని, నన్ను చదువు మానెయ్యమన్నాడు. ఎదురు చెప్పలేక మేడమ్ దగ్గర ఏడ్చాను. మర్నాడు రైల్లో ఆమె వచ్చి నాయన పక్కన కూర్చున్నారు.

"మీ పాప ఏం చదువుతాండాదో ఎప్పుడన్నా అడిగినారా అప్పా?"

"ఎవరో రాజుల కథలంట మేడమ్. దాంతో కూడు పుడుతుందా?"

"రాజులే కాదప్పా. గ్రీసులో వెండి గనులుండె. బానిసలు లోపలికి దిగి తవ్వేవాళ్ళు. ఆ వెండితోనే ఏథెన్స్‌వాళ్ళు ఓడలు కట్టుకున్నారు."

నాయన ఆమె వైపు తిరిగాడు. "గని మూసేసినాక వాళ్ళంతా యాడికి పోయినారు?"

"నాకు తెలీదప్పా. వాళ్ళ గురించి రాసిపెట్టినోళ్ళు తక్కువ. వెతికేవాళ్ళు కావాల."

అంతకు మించి ఆమె ఏమీ అడగలేదు, నన్ను పొగడనూ లేదు. రైలు దిగాక నాయన భోజనం డబ్బా చేయి మార్చుకుంటూ, "చదువుకోమ్మా. వాళ్ళు ఏమైనారో తెలిస్తే నాకు చెప్పు" అన్నాడు. పూర్తి జవాబు నాకెప్పుడూ దొరకలేదు. దొరికినంత మాత్రం ఆదివారాలు చెప్పేదాన్ని, ఆయన వక్కాకు నములుతూ వినేవాడు.

కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చిన రోజు స్వీట్లు తీసుకుని మేడమ్ ఇంటికి పరుగెత్తాను. అప్పటికి ఆమెకు మతిమరుపు బాగా ముదిరింది. నన్ను గుర్తుపట్టలేదు. స్వీట్ల డబ్బా ఆమె చేతిలో పెట్టాను. ఆమె నా చేయి పట్టుకుని, "ఏం చదువుతాండావమ్మా?" అని అడిగారు.

"గ్రీకులూ రోమన్లూ మేడమ్."

ఆ ముఖం వెలిగిపోయింది. "అట్లయితే కూర్చో. మొదటినుంచీ చెప్తాను" అని ఏథెన్స్‌తో మొదలుపెట్టారు. మధ్యలో రోము రోడ్లు ఏథెన్స్‌లోకి వచ్చేశాయి, ఎవరి దేవుడో మరొకరి గుడిలో చేరాడు. నేను దిద్దలేదు. ఆమె కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుని, ఏమీ తెలియని పిల్లలా చివరిదాకా విన్నాను. ఆ చదువు కొత్తగా దొరికినవాళ్ళకుండే సంబరం ఆమె గొంతులో అలాగే ఉంది. ఏటా కొత్త పిల్లల ముందు నిలబడి మొదటి మాట మొదలుపెట్టేటప్పుడు, నేను అరువు తెచ్చుకునేది ఆ గొంతునే.