పీనుగులు తీసేసిన బొమ్మ

మా సేటు కరీంనగర్‌లో కట్టిన ఫంక్షన్ హాల్ గుర్తుకొస్తే నాకిప్పటికీ రోతే. హాలుకేం, బాగానే ఉంటుంది. రోతంతా అందులో పెట్టిన బొమ్మ మీద.

మా బాపు ఆ సేటు దగ్గర సాంచాలు నడిపేవాడు. పవర్‌లూమ్‌లను మా దిక్కు సాంచాలనే అంటాం, నాన్నను బాపు, అమ్మను అవ్వ అన్నట్టే. ఆ ఏడు కూలి పెంచమని పనివాళ్లంతా సాంచాలు బంద్ పెట్టారు. అవ్వ చుట్టే బీడీల మీదే మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. నేను గోడల మీద బొమ్మలు వేసి బతికేవాణ్ని. సరిగ్గా అప్పుడే సేటు నన్ను పిలిపించాడు.

ఆయన పారిస్ టూరు పోయి వచ్చాడట. ఫోన్‌లో ఒక బొమ్మ చూపించాడు. ఫ్రాన్స్‌లో రాజు మీద జనం తిరగబడ్డ బొమ్మ. కూలిన రాళ్లూ కట్టెల మీదికి ఒక ఆడమనిషి ఎక్కి వస్తోంది. రొమ్ము మీద బట్ట జారిపోయింది, ఒక చేతిలో జెండా, ఇంకో చేతిలో తుపాకి. వెనక పొగలో జనం, వాళ్లలో పొడుగు టోపీ పెట్టుకున్నవాడొకడు. ఆమె కాళ్ల ముందు పీనుగులు. అందులో ఒకడికి నడుం కింద గుడ్డ కూడా లేదు, ఒక్క కాలికి మేజోడు మాత్రం మిగిలింది.

"గిది మన హాల్ల ముంగట్నే ఉండాలె. నేను గూడ కష్టజీవుల మనిషినని అందరికి తెల్వాలె," అన్నాడు. మున్సిపల్ ఎన్నికల్లో నిలబడుతున్నాడు మరి. నోట్లో చక్కెర, కడుపులో కత్తెర.

ఆ తర్వాత కోరికలు మొదలయ్యాయి. ఆమెకు జాకెట్టు తొడగాలి. టోపీ పెట్టుకున్నవాడికి తన ముఖం అతికించాలి. "పీనుగులను తీసెయ్. పెండ్లిండ్లయ్యే జాగల పీనుగులేంది? ఆడ ఎర్ర తివాచి ఎయ్యి."

జాకెట్టు తొడుగుతాను గానీ పీనుగులను తియ్యనన్నాను.

"మీ బాపు సాంచాలు బంద్ వెడ్తడు, నువ్వు బొమ్మ బంద్ వెడ్తవ్. ఇంటిల్లిపాదికి గిదే రోగమా?" అని నవ్వాడు. ఆ పని నాకొద్దని లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి నా ఫోన్‌లో బాపుకు బొమ్మ చూపించాను. బాపు కథ అడిగాడు. రాజునైతే దించారు గానీ, ఆ గద్దె మీద ఆయన చుట్టాన్నే ఇంకో రాజుగా కూర్చోబెట్టారని చెప్పాను.

"మరి గీ సచ్చినోళ్లు?" అన్నాడు బాపు.



హాలు తెరిచే రోజు సేటు కబురు పంపాడు, కూలి సంగతి అక్కడే అందరి ముందర తేలుస్తానని. పనివాళ్లు ఇస్త్రీ అంగీలు వేసుకొని బయల్దేరారు. బాపు వెంట నేనూ పోయాను. లోపల అడుగుపెట్టగానే గోడంత ఫ్లెక్సీ. ఎవడితోనో కంప్యూటర్ మీద చేయించాడు. ఆమెకు మెడదాకా జాకెట్టు, టోపీ కింద సేటు పళ్లు, పీనుగులున్న చోట తివాచి. జనం తిరగబడ్డ బొమ్మ కాస్తా పెళ్లి బరాత్ అయింది.

సేటు మైకు పట్టుకొని, "నా పానం మీరే," అన్నాడు. కూలి ఊసే ఎత్తలేదు. ఒక ముసలాయన లేచి అడిగితే, "ముందుగాల తినుండ్రి. ఎన్నికలైనంక మాట్లాడుకుందాం," అన్నాడు. దానికీ చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ల మీద కూడా నాకు అసహ్యమేసింది.

భోజనాలకు ముందు ఫ్లెక్సీ దగ్గర ఫోటో. "పెద్దమనుషులు నిలవడుండ్రి, పనోళ్లు కింద కూసోండ్రి," అన్నాడు ఫోటోగ్రాఫర్. బాపు ముందు వరసలో నేల మీద కూర్చున్నాడు. ఫ్లాష్ మెరిశాక ఎందుకో వెనక్కి తిరిగి చూశాడు. సరిగ్గా తలపైన బొమ్మలోని ఆమె కాళ్లు.

బాపు లేచాడు.

"నేనింక సావలే సేటూ. సచ్చినోళ్ల జాగల నన్నెందుకు కూసోవెడ్తున్నవ్?"

బాపు అన్నం ముట్టకుండా బయటికి నడిచాడు. ఆయన వెనక నేను తప్ప ఎవరూ రాలేదు.

వారంలోపే సాంచాలు పాత కూలికే నడిచాయి. మొదటి ఆర్డరు సేటు ఎన్నికల కండువాల బట్ట. బాపు సాంచాలు ఇంకొకరికి ఇచ్చేశారు.

ఆ ఫోటోతో కరపత్రం అచ్చేసి ఇంటింటికీ పంచారు. మా ఇంటి తలుపు సందులోనూ ఒకటి తోసి పోయారు. బాపు కళ్లద్దాలు పెట్టుకొని వెతికాడు. ముందు వరసలో అందరూ ఉన్నారు. బాపు కూర్చున్న చోట పూలకుండీ ఉంది.