గేటు దగ్గర ఆగిపోయిన మాట

ఆ రోజుల్లో అమెరికా వచ్చిన తెలుగు కుర్రాడు ఇంజనీరింగు కాక మరొకటి చదువుతున్నాడంటే, పాపం వీడికేమైందోనని తోటివాళ్ళు జాలిపడేవారు. ఎనభైల మొదట్లో ఒహాయోలో నేను చదివింది శాంతి, సామాజిక న్యాయం. నా రూమ్మేట్లు ముగ్గురూ మెకానికల్. "శాంతికి ఉద్యోగం ఎవడిస్తాడ్రా?" అని వాళ్ళు అడిగితే నేను కరుణతో చిరునవ్వు నవ్వేవాణ్ణి. పీడితుల పక్షాన నిలబడ్డవాడు ఆ మాత్రం ఎగతాళి భరించాలి కదా. (గిన్నెలు కడిగే వంతు వచ్చిన రోజున మాత్రం నాకు తప్పకుండా ఏదో ఒక ఊరేగింపు ఉండేది.)

రెండో సెమిస్టర్లో మా ప్రొఫెసరమ్మ ఒక పని అప్పజెప్పింది. అన్యాయాన్ని అనుభవించిన మనిషి ఒకరి చేత గంటసేపు మాట్లాడించి, క్యాసెట్టులో రికార్డు చేసి, అదంతా ఇంగ్లీషులో రాసివ్వాలి. "ప్రశ్న అడగండి, ఆ తర్వాత నోరు మూసుకోండి" అన్నది ఆవిడ పెట్టిన ఒకే ఒక్క నియమం. నాకు వెంటనే నర్సాంటీ గుర్తొచ్చారు. గుంటూరు వైపు నుంచి వచ్చి, మా యూనివర్సిటీ ఊళ్ళోని ఆసుపత్రిలో నర్సుగా చేసేవారు. ఆదివారం వాళ్ళింట్లో తెలుగు ప్రార్థన జరిగేది. ప్రార్థన అయ్యాక సరిగ్గా భోజనాల వేళకు చేరే నాలాంటివాళ్ళకు కూడా విస్తరి ఉండేది. వాళ్ళది ఊరి బయట ఉంచిన కులమని నాకు తెలుసు. అడగకుండానే అలాంటివి తెలిసిపోయే ఇంట్లో పెరిగాను మరి.

"ముందు తిను బాబూ, తర్వాత అడుగుదువులే" అన్నారు ఆంటీ. గోంగూర మాంసం రెండుసార్లు వడ్డించుకుని తిన్నాక, టేప్ రికార్డరు నొక్కి, చిన్నప్పటి సంగతి ఏదైనా చెప్పమన్నాను. ఆవిడ చెయ్యి తుడుచుకుని మొదలుపెట్టారు. "నన్ను నర్సింగ్ హాస్టల్లో దింపటానికి మా అమ్మొచ్చింది. అప్పటిదాకా ఆమె రైలెక్కి ఎరగదు. గేటు కాడికి రాగానే వార్డెను మా అమ్మను చూసి..." అంతే, నాలో చదువు పొంగుకొచ్చింది. "దీన్నే వ్యవస్థాగత హింస అంటారు ఆంటీ" అని అందుకున్నాను. "అట్టాగా" అన్నారావిడ. అది నాకు ప్రోత్సాహంలా వినిపించింది. మధ్యలో రెండుసార్లు "ఆ వార్డెనేమో..." అని ఎత్తుకున్నారు. రెండుసార్లూ ఆపి, అణచివేత ఎన్ని రకాలో కాగితం మీద బొమ్మ గీసి మరీ వివరించాను. చివరికి "నీకు చాలా తెలుసు బాబూ" అంటే పొంగిపోయి, మజ్జిగ కూడా తాగి వచ్చాను.

టేపు విని రాసుకుంటుంటే గాని నా ఘనకార్యం నాకు తెలియలేదు. పదకొండు పేజీల్లో ఆంటీవి తొమ్మిదే వాక్యాలు, అందులో మూడు "అట్టాగా"లు. సిగ్గుతో చచ్చి, గడువు ముంచుకొచ్చి, అలాగే ఇచ్చేశాను. ప్రొఫెసరమ్మ కింద ఒక్క ముక్క రాసింది: "అన్యాయం స్పష్టంగా కనిపిస్తోంది. మళ్ళీ వెళ్ళు."

వెళ్ళాను. "గేటు దగ్గర ఏం జరిగింది ఆంటీ?" అని అడిగాను. ఆవిడకు కోపం లేదు, ఉంటే బాగుండేది. "ఆ రోజు ఎందుకో చెప్పాలనిపించింది బాబూ. మా పిల్లలకి కూడా చెప్పలా. ఇప్పుడు మళ్ళీ ఎత్తుకోవాలంటే నావల్ల కాదు. కూర్చో, అన్నం పెడతా" అన్నారు. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు వెళ్ళినా నేను మళ్ళీ అడగలేకపోయాను, ఆవిడా చెప్పలేదు. పీడితుల గొంతు వినిపించాలని ఎన్ని వీధుల్లో అరిచానో! ఒక్క గొంతు నా ఎదురుగా కూర్చుని మాట్లాడబోతే నేనే ఆపాను.

కిందటేడు ఆంటీ పోయారు. టెక్సాస్‌లో వాళ్ళమ్మాయి ఇంట్లో ప్రార్థన ముగిశాక ఆ అమ్మాయి నా పక్కన వచ్చి కూర్చుంది. "అమ్మమ్మ గురించి మమ్మీ మాకు ఏం చెప్పలేదు అంకుల్. నీకు ఏమైనా చెప్పిందా?" అంది.

మొదటిసారి రైలెక్కి, కూతురితో హాస్టలు గేటు దాకా వచ్చిందని చెప్పాను.

"తర్వాత?" అంది.

"తర్వాత నేను మాట్లాడానమ్మా" అన్నాను.

అమ్మాయి జోకనుకుని నవ్వింది. నేనూ నవ్వాను. ఎంతైనా ఆ టేపులో వాగిన కుర్రాడు నాకు దగ్గరి చుట్టం.