లారీ నంబరు గడి

ప్రత్తిపాడు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న గుమాస్తాగారు పోయిన శుక్రవారం కన్నుమూశారని వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. రైతులు ఆయన్ని సాయిబుగారనేవాళ్లు. నాకు మాత్రం గురువు. ఆ మాట ఆయన ఉండగా చెప్పలేదు, అదే నా బాధ.

రెండేళ్ల కిందట అక్కడి పాత సాఫ్ట్‌వేర్‌ని క్లౌడ్‌లోకి మార్చే పని మీద వెళ్లాను. నల్ల తెర, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డు. రోజూ పొద్దున్నే ఆయన దాన్ని చేతిరుమాలుతో తుడిచి, బిస్మిల్లా అనుకున్నాకే మొదలుపెట్టేవారు. నాకు నవ్వొచ్చేది.

ఏ రైతు టిక్కీలు ఏ గదిలో, ఏ వరసలో ఉన్నాయో చెప్పేది ఆ సాఫ్ట్‌వేరే. మిర్చి బస్తాల్ని మావైపు టిక్కీలంటారు. అందులో లారీ నంబరు రాసే గడిలో నంబర్లకు బదులు 'పచ్చదారం', 'రెండు ముళ్లు', 'మూతికి ఎర్రగుడ్డ' అని ఉండేవి. చెత్త అనుకున్నాను. ఎవర్నీ అడక్కుండా ఆ గడి వదిలేసి మిగతాదంతా మార్చేశాను. అంత తెలివి నాది.

మర్నాడే ఒక రైతు సరుకు కోసం వచ్చాడు. తెర మీద అదే ఊరు, అదే ఇంటిపేరు, అదే పేరుతో ఇద్దరున్నారు. తాత పేరు మనవళ్లందరికీ పెట్టుకునే ఊళ్లు మావి. నేను మొదటి పేరు నొక్కాను. హమాలీలు లారీకెత్తడం మొదలెట్టారు.

"ఇయ్యి నాయి కాదు సాయిబుగారూ! నా టిక్కీలకి పచ్చదారం కుట్టు. ఇయ్యి మా బాబాయి కొడుకుయి. వాడి ఏడాది కష్టం నేనెత్తుకుపోతే వాడి మొహం ఎట్టా చూసేదండీ?" అని రైతు గోలెత్తాడు.

గుమాస్తాగారు మెడకు మఫ్లరు చుట్టుకుని, ఆ వయసులో చలిగదిలో నిచ్చెనెక్కి, రెండో పేరు కిందున్న వరసలో పచ్చదారం వెతికి చూపించారు. ఓనరు అడిగితే, "కొత్త మిషను కదండీ, ఇద్దరం పొరబడ్డాం" అన్నారు. ఆయన పొరబడిందేమీ లేదు.

తర్వాత టీ తాగుతూ నాతో ఒక్క మాటన్నారు. "ఇల్లు మారేటప్పుడు పాత సామాను పారేసేముందు ఇంటావిణ్ణి అడగాలి బాబూ."

పాత కంప్యూటరు ఇంకా తీసెయ్యలేదు కాబట్టి బతికిపోయాను. వారం రోజులు ఆయన ఒక్కో గుర్తూ చదివి సరిచూస్తుంటే నేను ఎక్కించాను. పాతదాంట్లో గుర్తులకు చోటు లేకే ఆయన లారీ గడి వాడుకున్నారు; కొత్త తెర మీద 'గుర్తు' అని ఒక గడి పెట్టాను.

నిన్న ఆ ఆఫీసుకు వెళ్లాను. అప్పట్లో పరీక్షకని నా పేరుతో ఒక ఉత్తుత్తి రైతును సృష్టించాను, టిక్కీలు సున్నా. ఆ పేరు ఇంకా ఉంది. తీసేద్దామని తెరిచాను. నేను ఖాళీగా వదిలిన గుర్తు గడిలో ఆయన రాసిపెట్టారు: 'అడిగి తుడుస్తాడు'.

తుడవనా అని అడగడానికి పక్కకు తిరిగాను. కుర్చీ వీపున మఫ్లరు వేలాడుతోంది.