రెండు పిలుపులు

నమ్మితే నమ్మండి, లేకపోతే లేదు. కర్పూరం వెలిగించి అరచేత్తో ఆర్పి చెప్పమన్నా చెబుతాను... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. కల్పించేవాణ్ణే అయితే నన్ను నేను ఇంతకన్నా మంచివాడిగా చూపించుకునేవాణ్ణి కదా.

ముందు నేనెవరో చెప్పాలి. నా పేరు వి. రాజులు. పుదుచ్చేరి మూలకుళంలో ఇల్లు, తేంగాయితిట్టు హార్బరు దగ్గర కొట్టు. పడవలవాళ్లకు తాళ్లు, టార్పాలిన్లు అమ్ముతాను. తెలుగు మా ఇంట్లో మాట్లాడుకునే భాష, అంతవరకే. నలభై ఐదేళ్లు వచ్చేదాకా నాకు ఒక్క తెలుగక్షరం కూడా రాదు. ఇప్పుడిలా రాస్తున్నానంటే, అది ప్రసాద్ సారు కూర్చోబెట్టి దిద్దించిన చలవ. ఆయన గురించే ఈ రాత.

ప్రసాద్ సారుది యానాం. సర్కారు ఆఫీసులో గుమాస్తా. బదిలీ మీద వచ్చి కదిర్కామంలో అద్దెకుండేవారు. ఒకరోజు కొట్టుకొచ్చి సన్నటి నైలాన్ తాడు కావాలన్నారు. ఎందుకంటే, అడవిలో చెట్టుకొమ్మకు అన్నం మూట వేలాడదీయడానికట! కింద పెడితే ఎలుగుబంటి వస్తుందట. నాకు నవ్వాగలేదు.

"ఏంది సార్, కూర్చోని అన్నం తినను ఇల్లు లేదా మీకు?" అన్నాను.

ఆయన కోపగించుకోలేదు. "ఒక్కసారి వచ్చి చూడండి రాజులు గారూ. తర్వాత మీరే అడుగుతారండి" అన్నారు.

అలా పడ్డాను ఆయన వలలో. నాలుగేళ్లలో ఎన్నిసార్లు వెళ్లామో లెక్కలేదు. రిసార్టులు, గదులు కావు. అడవిలో కుళాయి ఉండదు, కరెంటు ఉండదు, దొడ్డికి పోవాలంటే చిన్న గునపంతో గుంట తవ్వుకోవాలి. గుడారం, నీళ్లు, తిండి... అన్నీ మన వీపు మీదే. మొదటిసారి కొండెక్కుతున్నప్పుడు, తాళ్ల కట్టలు మోసిన ఒళ్లే కదా అని గొప్పగా బయల్దేరి, సగం దారిలో నాలుక బయట పెట్టాను. సారు మాత్రం సన్నటి మనిషి, మేకపిల్లలా ఎక్కిపోయేవారు.

ఆయనకు కొన్ని పట్టింపులుండేవి. మంట వేయకూడదు. చాక్లెట్ కాగితం కూడా తిరిగి తెచ్చేయాలి. అన్నిటికన్నా విచిత్రమైనది, గుడారాలు పక్కపక్కన వేయకూడదు! ఒకేచోట అందరూ పడుకుంటే అక్కడి గడ్డి చచ్చిపోతుందట. విడివిడిగా, దూరదూరంగా వేయాలట. "పొద్దున మనం లేచి వెళ్లాక, ఇక్కడ మనుషులు పడుకున్నారని ఎవరికీ తెలియకూడదండి" అనేవారు. అది ఒక కారణం. నా గురక ఇంకో కారణం.

ఇక మా ఇంటి అలవాటొకటి చెప్పాలి. ఇది తెలియకపోతే మీకు ఆ రాత్రి అర్థం కాదు. చీకటి పడ్డాక ఎవరైనా పిలిస్తే, మొదటి పిలుపుకు పలకకూడదు. రెండో పిలుపుకూ పలకకూడదు. మూడోసారి పిలిస్తేనే పలకాలి. మూడోసారి పిలవడం మనిషి కానిదానికి చేతకాదని మా అవ్వ చెప్పేది. అందుకని మా ఇంట్లో వాళ్లెవరైనా రాత్రిపూట పిలిస్తే వరసగా మూడుసార్లు పిలుస్తారు. మా ఆవిడ ఇప్పటికీ అంతే. వంటింట్లోంచి మంచినీళ్లు కావాలా అని అడగడానికి కూడా మూడుసార్లు.

ఈ సంగతి ప్రసాద్ సారుకు నేనెప్పుడూ చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు. ఊపిరి ఎలా పీల్చాలో ఎవరికైనా చెబుతామా... అలాంటిది నాకు అది.

పోయిన తై నెల, అదే సంక్రాంతి నెల, దాటాక జవ్వాది కొండలకు వెళ్లాం. తిరువణ్ణామలై దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి కొండ బస్సు. అనుమతి కాగితం చేతిలో ఉంది. కొండమీది ఊరి పెద్దాయన ఒకాయన దారి చూపించి, పొద్దున్నే వస్తానని చీకటి పడేలోపు దిగిపోయాడు. ఫోన్లో సిగ్నల్ లేదు. నేనూ, ఆయనా... అంతే.

ఆ సాయంత్రం సారు కొంచెం వాడిపోయి ఉన్నారు. ఛాతీ మీద అరచెయ్యి రుద్దుకుంటూ, మంటగా ఉందన్నారు. వాళ్లావిడ పద్మమ్మ కట్టి ఇచ్చిన పులిహోర ఇద్దరం తిన్నాం.

"రొంబ తిన్నారు సార్, గ్యాసు పట్టేసుండాది" అని ఎగతాళి చేశాను. వాము నమలమని ఇచ్చాను.

"అంతేనంటారా?" అన్నారు.

"అంతే సార్. ఇంకేముండాది?"

అంతే అన్నాను నేను. పెద్ద వైద్యుడిలాగా.

ఎనిమిదిన్నరకు ఎవరి గుడారంలోకి వాళ్లం వెళ్లాం. ఆయనది నా కాళ్ల వైపు, నలభై అడుగుల దూరంలో. నా తల వైపు వాలు, కింద ఎండిపోయిన వాగు. జిప్పు లాగిన చప్పుడు విన్నాను. పూర్తిగా మూసేశారు. తేళ్లంటే ఆయనకు మహా భయం. కాసేపు ఆయన టార్చి వెలుతురు గుడ్డలోంచి పచ్చగా కనిపించింది. తర్వాత ఆరిపోయింది.

మంచు బాగా పడుతోంది. ఆకుల మీద చేరిన నీళ్లు నా గుడారం మీద... టప్... కాసేపాగి... టప్. దూరంగా ఏదో పిట్ట, ఎవరో రాయి మీద గవ్వ కొడుతున్నట్టు అరుస్తోంది. అలా వింటూ నిద్రపోయాను.

మెలకువ వచ్చింది.

ఎందుకొచ్చిందో తెలియదు. పిట్ట అరుపు లేదు. నీటి చుక్కలు లేవు. చెవులు మూసుకుపోయాయేమో అనుకుని వేలు పెట్టి చూసుకున్నాను. గడియారం మీట నొక్కాను. రెండూ పది.

అప్పుడు... వినబడింది.

"అన్నా..."

ప్రసాద్ సారు గొంతు. అందులో అనుమానం లేదు. గట్టిగా కాదు. బస్సులో పక్కసీటు మనిషిని లేపుతున్నట్టు... మెల్లగా.

నోటి దాకా వచ్చింది. "ఏంది సార్" అనబోయాను. అనలేదు. మెడ వెనక చల్లబడింది. ఆయన నన్ను ఎప్పుడూ అన్నా అని పిలవలేదండీ! నాలుగేళ్లలో ఒక్కసారి కూడా. ఎప్పుడూ రాజులు గారూ. కొండ అంచున కాలు జారిన రోజు కూడా "రాజులు గారూ, చెయ్యివ్వండి" అనే అన్నారు.

ఊపిరి బిగబట్టాను. ఒకటి అయింది... అనుకున్నాను.

ఎంతసేపు గడిచిందో. నిమిషం కావచ్చు. ఐదు కావచ్చు. నా గుండె చప్పుడు నాకే చెవుల్లో కొడుతోంది.

"అన్నా..."

ఈసారి కాళ్ల వైపు నుంచి కాదు. తల వైపు నుంచి. ఆ వాలు వైపు నుంచి. నేలకు దగ్గరగా... ఎవరో కూర్చుని, గుడారం గుడ్డకు నోరు ఆనించి అన్నట్టు. ఆయన గుడారం అటు వైపు లేదు. అటు వైపు ఏమీ లేదు, వాగు తప్ప.

జిప్పు మీద చెయ్యి వేశాను. ఇత్తడి ముక్క మంచుకు చల్లగా ఉంది. వేళ్లు దాన్ని పట్టుకున్నాయి. లాగలేదు. మూడోది రానీ... మూడోది వస్తే పలుకుతాను. వస్తే వెంటనే పరిగెత్తుకు వెళ్తాను. దేవుడా, ఒక్కసారి పిలిపించు.

రాలేదు.

ఎంతసేపు అలా కూర్చున్నానో తెలియదు. కొంతసేపటికి మళ్లీ పిట్ట అరుపు మొదలైంది. టప్ మని నీటి చుక్క పడింది. ఇక చెప్పడానికి సిగ్గుగా ఉన్న మాట చెబుతున్నాను... నేను నిద్రపోయాను. నా స్నేహితుడి గొంతు రెండుసార్లు విని, తిరిగి పడుకుని నిద్రపోయాను.

ఆరు గంటలకు లేచాను. వెలుతురు రాగానే ధైర్యం వచ్చేసింది. రాత్రి సంగతి చెప్పి సారును నవ్విద్దామనుకుంటూ వెళ్లాను. ఆయన గుడారం జిప్పు జానెడు తెరిచి ఉంది.

పక్కకు తిరిగి పడుకుని ఉన్నారు. కళ్లు సగం మూసి ఉన్నాయి. చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. అప్పుడు ఆ వేళ్లు నా వేళ్ల చుట్టూ మెత్తగా మడిచినట్టు వచ్చాయా, లేక కర్రల్లా బిగుసుకుని ఉన్నాయా... మెత్తగా ఉంటే పోయి ఎంతోసేపు కాలేదన్నమాట. దీని గురించి ఎన్ని రాత్రులు ఆలోచించానో. ఒకరోజు ఒకలా గుర్తొస్తుంది, మరునాడు ఇంకోలా. అప్పుడు ఏడుస్తున్నాను నేను. ఏడుస్తున్నవాడికి ఏం తెలుస్తుంది?

పెద్దాయన వచ్చాడు. ఊళ్లోకి పరిగెత్తి నలుగురిని తెచ్చాడు. నేను అమ్మిన టార్పాలిన్‌లోనే సారును కిందికి దించాం. ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరు కుర్రవాడే, మర్యాదస్తుడు. గుండె ఆగిపోయిందన్నాడు. ఎప్పుడు పోయుంటుందని అడిగాను. ఎందుకు అని అడగలేదు ఆయన, చెప్పాడు. అర్ధరాత్రికి ముందే అయ్యుండొచ్చు, బహుశా తొమ్మిది, పది మధ్య. కానీ కొండమీద అంత చలి కదా, కచ్చితంగా చెప్పలేనన్నాడు.

తొమ్మిది, పది మధ్య. అయితే రెండూ పదికి పిలిచింది ఎవరు?

కానీ నిజం చెప్పాలంటే... ఆ భయం వెనకాలే నాకు ఊరట కూడా కలిగింది. అది సారు కాదు. అందుకే అన్నా అంది, గారూ అనలేదు. ఏదో వచ్చింది, ఆయన గొంతు ఎత్తుకుంది, మా అవ్వ నేర్పిన నియమం నన్ను కాపాడింది. పదకొండు రోజులు ఆ మాట పట్టుకుని బతికాను. తిన్నాను, కొట్టు తీశాను. మనుషులతో మాట్లాడాను కూడా.

పన్నెండో రోజు కదిర్కామం వెళ్లాను. పద్మమ్మ యానాం వెళ్లిపోవడానికి సామాను సర్దుతోంది. అట్టపెట్టెల మధ్య నాకొక కుర్చీ వేసింది. కాఫీ ఇచ్చింది. ఇచ్చి, ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఒక్క మాట అడుగుతానండి, ఏమీ అనుకోకండి. ఆ రాత్రి ఆయన... ఏమైనా పిలిచారాండీ?"

కాఫీ గ్లాసు పట్టుకున్న చేతికేసి చూసుకున్నాను.

"లేదమ్మా. నిద్దట్లోనే పోయిండారు. నాకేమీ వినబళ్లా."

ఆమె కళ్లు మూసుకుంది. బుగ్గల మీద నీళ్లు జారాయి. "అమ్మయ్య" అంది. "అదొక్కటేనండి నా బెంగ. పిలిచి పిలిచి, ఎవరూ రాక, అలాగే పోయారేమోనని. పడుకుంటే అదే గుర్తొస్తోందండి."

కాఫీ తాగేసి లేచాను. గుమ్మం దాకా వచ్చి, చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడింది.

"మీకు తెలీదు గానండీ, ఇంట్లో ఆయన మిమ్మల్ని అన్న అనే అనేవారు. అన్న ఇలా అన్నాడు, అన్న నాకు తాడు ముడి నేర్పాడు... ఇదేనండి రోజూ. మీ ఎదురుగా అలా పిలవడానికి మొహమాటం ఆయనకి. వద్దండీ, ఛాతీ నొప్పంటున్నారు కదా అని ఈసారి నేను ఆపబోయానండి. అన్న పక్కనే ఉంటాడు, నాకేం భయం అని బయల్దేరారు."

మెట్లు ఎలా దిగానో తెలియదు. కింద స్కూటరుకు తాళం పెట్టలేకపోయాను. ఆ వీధి చివర దాకా తోసుకుంటూ వెళ్లాను.

ఇప్పుడు మీరే చెప్పండి. ఆయన కాకపోతే, ఆయన మనసులో ఉన్న ఆ మాట దానికెలా తెలుసు? ఆయనే అయితే, గొంతు వాగు వైపు నుంచి ఎందుకొచ్చింది? కొండల్లో చప్పుడు ఎటు నుంచో ఎటో తగిలి వస్తుందని కొందరంటారు. డాక్టరు చెప్పిందే నిజమైతే, పోయిన నాలుగ్గంటల తర్వాత వెళ్తున్నానని చెప్పిపోవడానికి వచ్చారా? అలాగైతే ఎంత బాగుండు! మరి ఆ జిప్పు? దాన్ని ఎవరు తెరిచారు, ఏ వేళకు తెరిచారు? జనం దయ్యమేమోనని భయపడతారు. అది దయ్యమే అయ్యుండాలని నేను కనబడ్డ గుడిలోనల్లా మొక్కుకుంటున్నాను.

అడవికి మళ్లీ వెళ్లలేదు. రాత్రి రెండింటికి మాత్రం ఎక్కడున్నా మెలకువ వచ్చేస్తుంది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది. ఎవరూ పిలవరు. నేనే లేచి కూర్చుని, మా ఆవిడకు వినబడకుండా, చీకట్లోకి అంటాను.

"ఉండాను సార్... ఇదో, వస్తా ఉండాను."