ఎత్తని చెయ్యి

నేను డిగ్రీ పాసయ్యాను. మా ఇంటి మొత్తానికి ఇదే మొదటి డిగ్రీ. పొద్దున్నుంచి కనిపించిన ప్రతివాళ్లకీ చెబుతున్నాను. బస్సులో పక్క సీటామెకి రెండుసార్లు చెప్పాను. కానీ చెప్పిన ప్రతిసారీ ఒక పాత సంగతి గుర్తొస్తోంది. ఇంటర్ అయిన ఏడాది నుంచి దాన్ని మోస్తున్నాను. ఈ సంతోషం మీతో పంచుకోవాలంటే ముందు అది చెప్పాలి.

మాది మణుగూరు పక్కన అడవి అంచు పల్లె. మా మెథడిస్టు గుడికి అప్పుడొక పాస్టరుగారు ఉండేవారు. అందరం అయ్యగారనేవాళ్లం. కాలనీలో ఒక నర్సక్కా, టైలరింగ్ చేసే ఇంకో అక్కా ఒకరినొకరు పెళ్లి చేసుకోవాలనుకున్నారు. గుళ్లో కుదరదని అయ్యగారికీ తెలుసు. వాళ్ల కిరాయి ఇంట్లోనే ఇద్దరి తలల మీదా చేతులుంచి, ఏ పెళ్లికైనా చేసే ప్రార్థనే చేశారు. పాట పాడింది నేను. పులావ్ రెండోసారి అడిగి వడ్డించుకున్నదీ నేనే.

ఊరికి తెలిసింది. పెద్దలు మండిపడ్డారు. వాక్యం మీద భక్తితో అనుకునేరు. రోడ్డుకి అవతలి చర్చివాళ్లు నవ్వుతారని. ప్రసంగం మొదలవగానే గురక పెట్టే మనుషులకి ఆ వారం బైబిలంతా కంఠస్థం వచ్చేసింది. ప్రేమ మీద పాటలు గొంతు చించుకుని పాడేవాళ్లే అయ్యగారింటికి పాలు పొయ్యొద్దని చెప్పి వచ్చారు. వాళ్లంటే నాకు ఇప్పటికీ అసహ్యమే. అయితే వాళ్లు ఏదీ దాచుకోలేదు. దాచుకున్నది నేను.

మా గుళ్లో తగువు తెగకపోతే ఒక పద్ధతుంది. అందరూ కళ్లు మూసుకుని తల వంచాలి. ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తాలి. సంఘపెద్ద ఒక్కడే కళ్లు తెరిచి లెక్కపెడతాడు. ఎవరు ఎత్తారో బయటికి చెప్పడు.

ఆ ఆదివారం ఆయన లేచి, "కండ్లు మూస్కోండ్రి. అయ్యగారు ఈడనే ఉండాలె అన్నోళ్లు చెయ్యి లేపుండ్రి" అన్నాడు.

నా చెయ్యి ఖాయమని ముందురోజే అయ్యగారికి మాటిచ్చాను. కానీ ఖమ్మం హాస్టల్లో నా సీటు కోసం మాట్లాడుతున్నది ఆ పెద్దే. చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. ఉండిపోయిందా, నేను ఉంచానా? రెండో చేత్తో దాన్ని గట్టిగా అదిమి పట్టుకున్న మనిషికి ఆ ప్రశ్న ఎందుకు? పైగా, నాలాంటివాళ్లు ఇంకెంతమందో చూసుకుని ధైర్యం తెచ్చుకుందామని ఒక కన్ను తెరిచాను. గుడి మొత్తంలో ఒక్క చెయ్యి లేచి ఉంది. అది ఆ సంఘపెద్ద భార్య రూతమ్మది. ఆమె కళ్లూ తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తున్నాయి.

"ఒక్కటే" అన్నాడు పెద్ద, ఎవరి మొహమూ చూడకుండా.

అయ్యగారు ఇల్లందు బస్సెక్కే రోజు సామాను అందించడానికి వెళ్లాను.

"ఆ ఒక్క చెయ్యి నీదే గదా బిడ్డా" అన్నారు.

నేను సంచీ బస్సులోకి అందించాను.

"నాకు ఎర్కే. గంత మందిల నువ్వొక్కదానివే లేపినవ్. గది చాలు నాకు. జల్దీ డిగ్రీ గొట్టు, ఫోన్ చెయ్యి."

"అవ్ అయ్యగారూ. నాదే."

అప్పట్నుంచి ప్రతి క్రిస్మస్‌కీ ఆయనే ఫోన్ చేసేవారు. కొత్త ఊళ్లో ప్రసంగాల్లో నా సంగతి చెబుతారట, ధైర్యం గల పిల్ల అని. విని మురిసిపోయాను కూడా. మా పెద్దలు పిరికివాళ్లు, సరే. పిరికితనం చేసి పైన మెప్పు కూడా పుచ్చుకున్నది నేనొక్కదాన్నే.

ఇవాళ రూతమ్మ వచ్చింది. "డిగ్రీ గొట్టినవంట గదనే" అని మైసూర్‌పాక్ ముక్క నోట్లో పెట్టింది. ఆ ఆదివారం సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. ఆ చెయ్యి నోటి దగ్గరికి వచ్చినప్పుడు నాకు రుచే తెలియలేదు.

ఆదివారం గుళ్లో శాలువా కప్పి, దేవుడు చేసిన మేలు లేచి చెప్పమంటారు. అందరి ముందూ ఇదే చెబుతానా? తెలియదు. నా మీద నాకు అంత నమ్మకం లేదు. అయ్యగారికి మాత్రం ఇందాకే ఫోన్ చేశాను. పాసయ్యానన్నాను. ఆయన సంతోషం పూర్తవకముందే ఆ చెయ్యి నాది కాదన్నాను. మరి ఎవరిదని అడిగారు. చెప్పాను. ఫోన్ పెట్టేశారు.

మళ్లీ చేయలేదు. చేస్తారని అనుకోవడం లేదు.

రూతమ్మ ఇచ్చి వెళ్లిన డబ్బాలో మైసూర్‌పాక్ ఇంకో ముక్క ఉంది. తిన్నాను. తియ్యగానే ఉంది.