సెంటర్లో నా మొహం

మా వైపు ఓణీల ఫంక్షన్ అంటే ముందు ఫ్లెక్సీ, తర్వాతే ఓణీ. నాకు పెద్దమావయ్య వేయించాడు. ఊరి సెంటర్లో, సరిగ్గా గుడివాడ బస్సు ఆగేచోట కట్టించాడు. కింద వరసగా నల్ల కళ్లద్దాలతో మావయ్యలు, బాబాయిలు. పైన నేను. పేరు లేకపోతే నేనని నాకే తెలిసేది కాదు.

స్టూడియో అతను నన్ను తెల్లగా చేసి, ముక్కు సన్నం చేసి, ఎడమ బుగ్గ మీద మినపగింజంత పుట్టుమచ్చను తీసిపారేశాడు. మొదట చూసినప్పుడు ఎంత సంతోషించానో చెప్పలేను. ఆ మచ్చ కోసమే తొమ్మిదో తరగతిలో గోడ పక్క సీటు పట్టుకుని, బుగ్గ మీద చెయ్యి తీయకుండా కూర్చునేదాన్ని. జవాబు తెలిసినా లేచేదాన్ని కాదు. లేస్తే అందరూ చూస్తారు కదా.

ఆదివారం ఫంక్షన్ అయిపోయింది. రాత్రి పడుకోబోతుంటే గుర్తొచ్చింది. స్కూలుకి మేం వెళ్లే ఆ గుడివాడ బస్సు బందరు నుంచి వస్తుంది, మా క్లాసు వాళ్లు గుడ్లవల్లేరులోనే ఎక్కేస్తారు. పొద్దున్నే బస్సు ఆ ఫ్లెక్సీ ముందు ఆగుతుంది. దాని కిందే నేను నిలబడాలి. పైన ఆ మొహం, కింద ఈ మొహం.

"అమ్మా, అది తీయించెయ్యవే."

"ఎంత బావున్నావో అందులో. తీస్తే మీ మావయ్య ఊరుకుంటాడా?"

"అది నేను కాదమ్మా."

"నువ్వే. కాస్త లైటింగు, అంతే."

అమ్మ మీద ఒళ్లు మండిపోయింది. కడుపునొప్పి అన్నాను, నమ్మలేదు. పొద్దున టిఫిన్ సగంలో వదిలేసి సెంటర్‌కి వెళ్లి, ఫ్లెక్సీ వెనక వెదురు కర్రల మధ్య నిలబడ్డాను. కాసేపు కూర్చున్నాను. మళ్లీ లేచాను. బస్సు రాకపోతే బాగుండును అనుకున్నాను. వచ్చింది.

కిటికీల నిండా తలలు. అన్నీ పైకే చూస్తున్నాయి. తల దించుకుని ఎక్కాను. క్లాసులో నా పక్క బెంచీ అమ్మాయి జరిగి చోటిచ్చింది కానీ నేను కూర్చోలేదు. ఆ పిల్ల కిటికీలోంచి ఫ్లెక్సీని చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఫ్లెక్సీని చూసింది. ఇక అంటుంది, బస్సంతా నవ్వుతుంది అనుకున్నాను.

"నీ పుట్టుమచ్చ ఏదే అందులో?" అంది.

వెనక సీటు పిల్ల కూడా వంగి చూసి, "అవునే, మర్చిపోయారు" అంది. ఆ తర్వాత ఇద్దరూ లెక్కల హోంవర్కు గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

అంటే ఇన్నాళ్లూ చూస్తూనే ఉన్నారు. నేను ఎవరి దగ్గర దాచాను మరి? సిగ్గేసింది, ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. చెయ్యి దానంతటదే బుగ్గ మీదికి లేచింది. అంతలో బస్సు కదిలింది. పడిపోకుండా ఆ చేత్తోనే పైనున్న కడ్డీ పట్టుకున్నాను.